మేస్త్రి కాలి చెప్పు

"తగ్గిందన్నావు కదా?"

"తగ్గింది."

"తగ్గితే వంగి ఆ చెంచా తియ్యి."

"చెంచా అక్కడుంటే ఎవరికి నష్టం? తర్వాత తీస్తాలే."

"తర్వాతెందుకు? ఇప్పుడు తియ్యి. నేను చూడాలి."

ముందుగదిలో టీ గ్లాసు పట్టుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్న మేనల్లుడు ఆగిపోయాడు. తలుపు సందులోంచి వంటింట్లో మామ కనపడుతున్నాడు. గట్టుమీద ఒక చెయ్యి ఆన్చి, నేలమీద చెంచాని ఏటికి అవతలి ఒడ్డున ఉన్న వస్తువులా చూస్తున్నాడు. వంగుతాడా అనుకునేంతలో కుడికాలు మెల్లగా చాపి, బొటనవేలితో చెంచాని ఫ్రిజ్ కిందికి తోసేశాడు.

"ఇదిగో, ఇప్పుడు కనపడట్లేదు. గొడవ వదిలింది."

"నీ నొప్పి కూడా అంతే," అంది అత్త. "ఫ్రిజ్ కిందికి తోసేసి తగ్గిందంటావు."

అత్త కోపం చెంచా మీద కాదు. ఆవిడ పనిచేసే లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లు ఉతికి మడతపెడతారు. దుప్పటి ఒక కొస అత్త పట్టుకుంటే, రెండో కొస పట్టుకునేదొక పెద్దావిడ. అందరూ ఆవిడని పిన్నీ అని పిలుస్తారు. పిన్నికి ఎప్పట్నుంచో భుజం నొప్పి. ఆ నొప్పితో ఈమధ్య పహిల్వాన్ మర్దన కేంద్రానికి వెళ్ళింది. అక్కడికే ఎందుకు వెళ్ళిందయ్యా అంటే, అక్కడ గోడమీద మామ ఫొటో ఉంది. ఫొటోలో మామ రెండు చేతులూ పైకెత్తి నవ్వుతుంటాడు. కింద ఎర్రక్షరాలతో "నడుమునొప్పి మాయం" అని రాసుంటుంది. ఎరిగిన మొహమే కదా అని పిన్ని ధైర్యంగా బల్ల ఎక్కి పడుకుంది. పహిల్వాన్ ఆ భుజాన్ని పట్టుకుని ఒక తిప్పు తిప్పాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు పిన్ని జుట్టు దువ్వుకోవాలన్నా కూతుర్ని పిలవాల్సొచ్చింది.

"రోజంతా దుప్పటికి అటు కొసన ఉండేది ఆవిడే. నేను ఏ మొహం పెట్టుకుని చూడను?"

"నేనేమైనా వెళ్ళమన్నానా?"

"నీ ఫొటో వెళ్ళమంది."

"ఫొటో తీస్తానంటే వద్దని ఎలా అంటాను? పాపం, అంతసేపు చెమటలు కక్కుకుంటూ నొక్కాడు."

"అదిగో, ఆ పాపమే. ఆ పాపమే నీ నడుముకి చుట్టుకుంది."

ముందుగదిలో మేనల్లుడికి నవ్వొచ్చింది. టీ పొలమారింది. దాంతో వాళ్ళిద్దరికీ వీడు వింటున్నాడని తెలిసిపోయింది.

"ఒరే కుండబద్దలూ, లోపలికి రా," అన్నాడు మామ, సాక్షి దొరికినట్టు. "నువ్వు చెప్పు. నేను నిన్నటికంటే బాగా నడుస్తున్నానా లేదా?"

"నిన్నటికంటే ఘోరంగా నడుస్తున్నావు."

"నిన్నెవడడిగాడురా?"

"నువ్వే."

కుండబద్దలు అనేది మామ పెట్టిన పేరు. మనసులో మాట దాచుకోవడం వాడికి చిన్నప్పట్నుంచీ చేతకాదు. కాలేజీలో ఒక మాస్టారు పాత గైడు ముందేసుకుని పాఠం పేరుతో అదే చదువుతుంటే, "సార్, ఆ గైడు మాకిచ్చేస్తే ఇంటిదగ్గరే చదువుకుంటాం, మీకూ మాకూ బస్సు చార్జీ కలిసొస్తుంది" అన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పమన్నారు. దేనికని అడిగాడు. అక్కడితో చదువు అటకెక్కింది. వాళ్ళ నాన్న మాట్లాడ్డం మానేశాడు. అమ్మ మాట్లాడిందంటే, "నోరు మూసుకోవడం ఎప్పుడు నేర్చుకుంటావురా" అని. బట్టలు సంచిలో కుక్కుకుని మేనమామ ఇంటికొచ్చి, ఒక సెకండ్‌హ్యాండ్ బండిమీద ఊరంతా పార్సిళ్ళు చేరవేస్తున్నాడు. ఒకచోట కాలు నిలవనివాడికి ఆ పని బాగానే కుదిరింది.

ఇక మామ. మామ టైల్స్ మేస్త్రి. ఆసుపత్రి వరండాలు, బట్టల షాపులు, అద్దె ఇళ్ళ స్నానాలగదులు, ఈ ఊళ్ళో ఎన్ని నేలలమీద ఆయన మోకాళ్ళు ఆనాయో ఆయనకే గుర్తులేదు. పరిచిన టైలుని రబ్బరు సుత్తితో తట్టి, చెవొగ్గి వింటాడు. డొల్ల పలికితే పీకి మళ్ళీ వేస్తాడు. పని విషయంలో అంత ఖచ్చితమైన మనిషి, మనుషుల దగ్గరికొచ్చేసరికి మైనం ముద్ద. ఒకసారి కింద వాటా ఇల్లాలు టీలో పంచదారనుకుని ఉప్పేసిచ్చింది. ఈయన ఆ కప్పు తాగి, "ఇంకొంచెం పొయ్యనా అన్నయ్యా" అంటే తలూపి, ఇంకో కప్పు కూడా తాగాడు. తర్వాత ఆ ఇంటాయన ఒక గుక్క తాగి సింకులో ఉమ్మేస్తేగానీ విషయం బయటపడలేదు. మంగలి ఒక చెవి పక్కన ఎక్కువా ఇంకో చెవి పక్కన తక్కువా కత్తిరిస్తే, "బాగుంది, గాలాడుతోంది" అనొచ్చాడు. మొహమాటానికి మనిషి రూపమొస్తే మోకాళ్ళకి సిమెంటు మరకలుంటాయని అత్త అంటుంది.

నడుమునొప్పి ఒక్కరోజులో ఊడిపడింది కాదు. ముందు పొద్దున్నే లేచేటప్పుడు చురుక్కుమనేది. తర్వాత టైల్స్ పెట్టె ఎత్తితే. తర్వాత ఎత్తకపోయినా. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఒరగాలనిపిస్తుంది, ఒరిగితే పక్క తిరగాలనిపిస్తుంది. ఇంట్లో ఇద్దరూ ఇద్దరే. మేనల్లుడు కాలు నిలవక తిరుగుతుంటే, మామ నొప్పి నిలవనివ్వక తిరుగుతుంటాడు. మధ్యలో అత్త, "నేను కాపురం చేస్తోంది ఇంట్లోనా బస్టాండులోనా?" అంటుంది.

మాత్రలు మింగితే కడుపులో మంట. దాంతో మాత్రల్లేని వైద్యాల వెంట పడ్డారు. మొదట సూదులాయన. ముళ్ళపంది మీద పడుకున్నట్టుందని మామ ఇంట్లో చెప్పాడు. అక్కడ మాత్రం "హాయిగా ఉందండీ" అన్నాడు. తర్వాత వీపుకి గాజు కప్పులు అంటించే ఆయన. చొక్కా విప్పితే వీపంతా గుండ్రటి ఎర్ర మచ్చలు, టీ గ్లాసులు తెచ్చి బోర్లించినట్టు. "తగ్గిందా?" అన్నాడాయన. "తగ్గిందండీ." తర్వాత తియ్యటి చిన్న మాత్రలిచ్చే హోమియో డాక్టరు. ఆయన నడుము గురించి ఒక్క ముక్క అడగలేదు. కలలో పాములొస్తాయా, వాన పడితే దిగులేస్తుందా అని అడిగాడు. రావన్నా వేయదన్నా ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని, మామ రెండింటికీ ఔనన్నాడు. ఆ లెక్కన మందు దిగులుకి పడింది, నడుముకి పడలేదు. ఆ తర్వాత బస్టాపులో కొన్న అయస్కాంతం బెల్టు. దాంతో నడుమునొప్పి తగ్గలేదు, జేబులో తాళాలు మాత్రం పక్కకి అంటుకునేవి. ఆ తర్వాతే పహిల్వాన్, ఆ ఫొటో.

అందరికీ ఆయన చెప్పిన మాట ఒక్కటే, తగ్గింది. ఆ మాట అన్న తర్వాత మళ్ళీ వాళ్ళ దగ్గరికి ఏ మొహంతో వెళ్తాడు? అందుకని ఇంకొకళ్ళని వెతుక్కోవడం. అలా వైద్యులందరూ ఆయన్ని బాగుచేశామనుకుంటున్నారు, ఆయన ఒక్కడు బాగుపడలేదు.

"పిన్ని ఇప్పుడు ఇంకో చోటికి వెళ్తోంది," అంది అత్త, చెంచా గొడవ చల్లారాక. "ఆస్టియోపతి అట, ఎముకలూ కండరాలూ చేత్తో సర్దుతారట. పహిల్వాన్ బిగించిన భుజం అక్కడ కాస్త కదిలిందట. నీ గురించి అడిగి, రేపటికి టైమిప్పించింది. నువ్వు చేసిన దానికి ఆవిడ చేసింది చూడు."

"ఆస్తిపతా?"

"ఆస్తి లేదులే, నాకున్నది పతి ఒక్కడే. అస్థికలు కాకముందే వెళ్ళి చూపించుకో."

ఆస్టియోపతి ఆవిడ గది కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉంది. మెట్లు ఇరుకు, ఒకరు దిగుతుంటే ఇంకొకరు గోడకి అంటుకోవాలి. మామ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకి రెండు కాళ్ళూ చేరుస్తూ ఎక్కాడు. పైన బయటి గది, లోపలి గది, మధ్యలో పల్చటి చెక్క గోడ. బయట బల్లమీద ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ పెట్టుంది. మేనల్లుడు కూర్చున్నాడు, లేచాడు, ఆ బొమ్మని వంచి చూశాడు, ఒక పూస ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని ఎటు తిప్పి ఎక్కించాలో తెలీక అవస్థపడుతుంటే, లోపలి మాటలు గోడ దాటి వస్తున్నాయి.

"ఇక్కడ నొక్కితే ఎలా ఉంది మేస్త్రిగారూ?"

"పరవాలేదండీ."

"నొప్పి ఉందా, లేదా?"

"ఉందనుకుంటే ఉందండీ."

"అనుకోకుండా చెప్పండి."

"మీరు నొక్కుతున్నారు కాబట్టి కొంచెం ఉందేమోనండీ."

ఆవిడ నవ్వింది. నవ్వాపి, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "చూడండి, చేతులతో సర్దుకునే నొప్పులు కొన్నుంటాయి, సర్దుకోనివి కొన్నుంటాయి. నేను మాయలు చెయ్యను. కాలు తిమ్మిరెక్కడం, పాదంలో స్పర్శ తగ్గడం, అడుగు పట్టు తప్పడం, ఇలాంటివేమైనా ఉంటే అది నా పని కాదు. వెంటనే ఆసుపత్రిలో నరాల డాక్టరు చూడాలి. ఆలస్యమైతే కాలికి మళ్ళీ బలం రాకపోవచ్చు. అలాంటిదేమైనా ఉందా?"

"అబ్బే, లేదండీ."

ఆ అబ్బే కాస్త తొందరగా వచ్చిందని మేనల్లుడికి అనిపించింది. కానీ అప్పుడే పూస దాని చోట్లో టక్కున కూర్చుంది, ఆ సంబరంలో మాట మరిచిపోయాడు.

ఆవిడ వైద్యంలో హడావిడి లేదు. వీపుమీద చెయ్యి వేసి, నిద్రపోయేవాడిని లేపకూడదన్నట్టు మెల్లగా కదిపేది. ఆ రోజంతా నడుము కాస్త తేలిగ్గా ఉందని మామ ఇంట్లో కూడా చెప్పాడు. నిజమేనేమో. ఆయన నోట్లో తగ్గింది అనే మాట ఎంత అరిగిపోయిందంటే, నిజంగా తగ్గితే చెప్పడానికి ఇంకో మాట లేదు.

కొన్నాళ్ళకి మామ ఇంటిదగ్గర నడుము బెల్టు మరిచిపోతే మేనల్లుడు పని దగ్గరికి తీసుకెళ్ళాడు. కొత్తగా కడుతున్న గ్రంథాలయంలో చదువుకునే హాలు. తలుపులింకా బిగించలేదు, కిటికీల్లోంచి గాలి దుమ్ము ఎత్తిపోస్తోంది. మామ ప్యాంటు మడిచి, చెప్పులు విడిచి, నిన్న పరిచిన టైల్స్ మీద నడుస్తున్నాడు. అది ఆయన పద్ధతి. రెండు టైల్స్ కలిసేచోట వెంట్రుకంత ఎత్తుపల్లం ఉన్నా కంటికి కనపడదు, లెవెల్ కర్ర కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. ఆయన మాత్రం వట్టి కాళ్ళతో నడుస్తూ, అరికాలితో తడిమి పట్టుకుంటాడు. "నా అరికాలు చెబుతుంది" అంటాడు. ఎప్పుడూ రెండు కాళ్ళూ ఈడుస్తూ ఏదో గుర్తొచ్చినవాడిలా మెల్లగా పోయే మనిషి, ఆ రోజు కుడికాలు ఒక్కటే ముందుకి జరుపుతున్నాడు. అతుకు దాటాక వెనక్కొచ్చి, మళ్ళీ అదే కుడికాలితో పక్క అతుకు తడుముతున్నాడు. ఎడమకాలు మాత్రం వెనకే ఉంది, పనికి రాని చుట్టంలా.

"ఏంటి మామా, తొక్కుడుబిళ్ళ ఆడుతున్నావా?"

"ఎడమకాలికి సెలవిచ్చాన్రా. చాలా ఏళ్ళు చేసింది."

మామ జోకుకి పక్కనున్న కూలీలు నవ్వారు, మేనల్లుడూ నవ్వాడు. బెల్టు చేతికిచ్చేసి బండెక్కాడు. దారిలో సిగ్నల్ దగ్గర ఆగితే, ఎందుకో ఆ కాలే కళ్ళముందుకొచ్చింది. పార్సిల్ ఒకచోట ఇవ్వాల్సింది ఇంకోచోట ఇచ్చి తిట్లు తిన్నాడు.

మళ్ళీ ఆస్టియోపతి ఆవిడ దగ్గరికి వెళ్ళేసరికి వాన పట్టుకుంది. మేనల్లుడు ఈసారి బొమ్మ జోలికి పోలేదు. చెక్క గోడకి చెవి ఆన్చి నిలబడ్డాడు.

"ఇప్పుడెలా ఉంది? తగ్గిందా?"

"తగ్గిందండీ. చాలా తగ్గింది."

"కాలు? తిమ్మిరి గానీ?"

"అబ్బే."

"సంతోషం. అయితే ఇంకొక్కసారి చూసి ఆపేద్దాం. నడుము మీరే కాపాడుకోవాలి."

ఆ సంతోషం అన్న మాట ఆవిడ నిజంగానే సంతోషంగా అంది. లోపలినుంచి మామ దణ్ణం పెట్టుకుంటూ వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వచ్చాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి మెట్లు దిగడం మొదలెట్టాడు. మేనల్లుడు వెనకాల. మధ్యమెట్టు మీద ఎడమకాలి చెప్పు ఉండిపోయింది. మామ ఆగలేదు. తర్వాతి మెట్టు, ఆ తర్వాతిది, దుకాణం ముందు తడి రోడ్డు. నీళ్ళలో, కంకరలో, వట్టి కాలు వేసుకుని బండి దాకా నడిచాడు.

మేనల్లుడు చెప్పు చేత్తో పట్టుకుని వెనకే పరిగెత్తాడు.

"మామా, చెప్పు."

"ఏం చెప్పనురా? తగ్గిందన్నానుగా, విన్నావుగా."

"చెప్పమనడం కాదు. చెప్పు. నీ కాలి చెప్పు."

"కాలికే ఉంది."

"చూస్కో."

మామ తల వంచి చూశాడు. కుడికాలికి చెప్పు. ఎడమకాలు బురదలో ఉంది, బొటనవేలి పక్కన ఏదో గీరుకుని సన్నగా రక్తం నీళ్ళలో కలిసిపోతోంది. అది తన కాలేనా అన్నట్టు చాలాసేపు చూశాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు మేనల్లుడు.

"వాన తగ్గనీ. బండి తియ్యి."

"ఎప్పట్నుంచి మామా?"

మామ దుకాణం చూరు కిందికి జరిగాడు. అద్దాల వెనక వరసగా కళ్ళజోళ్ళు వాళ్ళిద్దర్నే చూస్తున్నాయి.

"హాలు పని మొదలెట్టకముందు నుంచే," అన్నాడు. "ముందు వేళ్ళు. తర్వాత అరికాలు. అతుకు మీద కాలేస్తే ఏమీ తెలీట్లేదురా. ఒకరోజు అప్పుడే పరిచిన టైలు మీద కాలేశాను, అది కుంగింది. నాకు తెలీలేదు. వెనకనుంచి కూలీవాడు అరిస్తే తెలిసింది. నా అరికాలు చెప్పడం మానేసింది."

"మరి ఆవిడ అన్నిసార్లు అడిగితే అబ్బే అంటావేంటి? నీకేమైనా బుద్ధుందా? కాలు పోతుందని ఆవిడ చెప్పింది కూడా, గోడ ఇవతలికి నాకే వినపడింది."

"నాకూ వినపడింది."

"మరి?"

మామ తడిసిన మొహం తుడుచుకున్నాడు. "నేల పరిచేసి ఇంటాయన్ని పిలుస్తాం కదా. వచ్చి అటూ ఇటూ చూసి, బాగుంది మేస్త్రీ అంటే ఆ రాత్రి హాయిగా నిద్రపడుతుంది. ఏదో ఉందిలే అన్నాడనుకో, తిన్నది ఒంటబట్టదు. ఈ వైద్యులూ చేతులతో పనిచేసేవాళ్ళేరా. అంతసేపు ఒంగి చేసి, చేతులు తుడుచుకుంటూ మొహంలోకి చూసి, తగ్గిందా అంటారు. ఆ మొహం చూశాక నా నోరు దానంతటదే తగ్గిందనేస్తుంది."

"నీ టైలు డొల్ల పలికితే నీకు చెప్పొద్దా మామా? బాగుందని అబద్ధం చెబితే పీకి మళ్ళీ ఎలా వేస్తావు?"

వాన గట్టిగా పడుతోంది. మేనల్లుడు చూరు కింద ఈ చివరనుంచి ఆ చివరకి నడిచాడు, మళ్ళీ వెనక్కొచ్చాడు. చేతిలో చెప్పు అలాగే ఉంది. ఇంకొక్కసారి చూసి ఆపేద్దాం అంది ఆవిడ. అప్పటిదాకా ఈ కాలు ఆగుతుందా. ఇంక వాడివల్ల కాలేదు.

"నేను పైకెళ్ళి చెప్పేస్తాను," అని మెట్టెక్కాడు.

మామ వాడి చొక్కా పట్టుకున్నాడు. ఆపడానికే పట్టుకున్నాడనుకున్నాడు మేనల్లుడు. వదిలించుకోబోయి, వెనక్కి తిరిగి చూసి ఆగిపోయాడు. మామ ఆ చొక్కా కొసని ఊతగా పట్టుకుని మెట్టు ఎక్కుతున్నాడు. ముందు కుడికాలు వేసి, ఎడమకాలిని చేత్తో మోకాలి దగ్గర పట్టుకుని పైకి లాక్కుని, మళ్ళీ కుడికాలు. సగం దాకా వచ్చేసరికి ఆయాసమొచ్చింది. అక్కడ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పై తలుపు తెరిచే ఉంది, ఆస్టియోపతి ఆవిడ బల్లమీది దుప్పటి దులుపుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఒరే," అన్నాడు, వాడి వైపు చూడకుండా. "అక్కా బావా నీ నోటి గురించి ఏమన్నా నేనూ వాళ్ళకి తలూపాను. అదలా ఉంచు."

"ఇప్పుడదెందుకు?"

"లోపలికెళ్ళగానే ఆవిడ అడుగుతుంది, ఏం మేస్త్రిగారూ మళ్ళీ వచ్చారు అని. నా సంగతి నాకు తెలుసు. ఏం లేదండీ, గొడుగు మరిచిపోయాను అంటాను. తగ్గిందండీ అంటాను. నువ్వు నాకు అడ్డం రా. నా మొహం చూడకు, నన్ను నోరెత్తనివ్వకు, నేను కాదన్నా వినకు. నా కాలు సంగతి నువ్వు చెప్పు."